మూడో వంతు వెడల్పు

ఆ వీధిలో ఆయన ఫొటో తీయని మొహం లేదు. ఒకే ఒక్క మినహాయింపు ఉంది, అదీ ఆయన ఇంట్లోనే. దీపం కిందే చీకటి అంటారు కదా, ఫొటోగ్రాఫరు ఇంట్లో భార్య ఫొటో ఒక్కటంటే ఒక్కటి లేదు.

ఆయన్ని అందరూ "కదలకండి గారు" అంటారు. ఇరవై రెండేళ్ళుగా కెమెరా వెనక నిలబడి ఆయన ఎక్కువగా అన్న మాట అదే. కూరగాయల కొట్టు దగ్గర ఆయన కనబడితే పిల్లలు ఎక్కడివాళ్ళక్కడ బిగుసుకుపోయి, ఆయన దాటి వెళ్ళాక పకపకా నవ్వుతారు. ఆయనకు కోపం రాదు. పేరు పడటం కూడా ఒక ఆస్తే అనుకునే మనిషి.

ఇంటి ముందుగది స్టూడియో: గోడకు నీలం గుడ్డ, అటొకటి ఇటొకటి దీపాలు, మధ్యలో గుండ్రటి ఎత్తు స్టూలు. మధ్యగదిలో ఒక పక్క కంప్యూటరు బల్ల, ఇంకో పక్క భార్య కుట్టుమిషను. ఆ రెంటికీ మధ్య గోడ మీద ఒక మేకు. పెళ్ళయిన మూడో రోజున ఆయనే కొట్టాడు, భార్య ఫొటో తగిలించడానికి.

మరి పెళ్ళి ఫొటో లేదా అంటే, ఉంది. వేరే ఫొటోగ్రాఫరు ఎందుకు దండగని తన పెళ్ళికి తనే కెమెరా నిలబెట్టి, టైమరు తిప్పి, పరుగెత్తుకొచ్చి బంధువుల మధ్య నిలబడ్డాడు. సరిగ్గా పెళ్ళికూతురికి అడ్డంగా నిలబడ్డాడు. ఆ ఫొటోలో ఇరవై ఏడుగురు బంధువులున్నారు, ఆయన కుడి భుజం ఉంది, ఆ భుజం వెనక ఒక చెవి ఉంది. ఆ చెవి ఆవిడది.

"మీ భుజం బాగా వచ్చింది, అదే పెట్టుకోండి గోడకి" అంది ఆవిడ అప్పట్లో. ఆ తర్వాత ఎన్ని రకాలుగా బతిమాలినా స్టూలెక్కలేదు.

నిజానికి భుజం మీద కోపం ఏనాడో పోయింది. అసలు సంగతి వేరు. ఆవిడ ఆడవాళ్ళ బట్టలు కుడుతుంది. వీధిలో అందరి కొలతలూ ఆవిడ నోటుపుస్తకంలో ఉన్నాయి, తన కొలత మాత్రం ఎనిమిదేళ్ళుగా రాయలేదు. "కెమెరా అబద్ధం చెప్పదంటారుగా, అందుకే దాని ముందు కూర్చోను" అనేది. దాంతో ఆ మేకుకు గొడుగు తగిలింది, తాళంచెవుల గుత్తి తగిలింది, వైర్ల చుట్ట తగిలింది. ఇరవై రెండేళ్ళలో ఆ మేకు మోయనిది ఆవిడ ఒక్కదాన్నే. రోజంతా వచ్చేపోయే మొహాలు చూసి చూసి లోపలికొచ్చాక, గోడ మీద ఒకే ఒక్క మొహం కనబడాలని ఆయన కోరిక. అంతకుమించి పెద్ద కోరికలున్న మనిషి కాడు.

ఇంకొక్క సంగతి చెప్పి ముందుకెళ్ళాలి. ఆయనకు పని నేర్పిన ముసలాయన పోతూ పోతూ ఒక మాట చెప్పాడు: స్కేలుని నమ్మకు, కంటిని నమ్ము. ఆవిడకు పని నేర్పిన మేనత్త చెప్పింది: కంటిని నమ్మకు, టేపుని నమ్ము. ఈ ఇద్దరి శిష్యులూ ఒక ఇంట్లో కాపురం చేస్తే ఎలా ఉంటుందో వేరే చెప్పక్కర్లేదు. కిటికీకి తెర కట్టాలన్నా ఆ ఇంట్లో ఒక పూట యుద్ధం జరిగేది.

ఇక కంప్యూటరు దగ్గరికి వద్దాం. దాని వయసు పన్నెండేళ్ళు. తెల్లగా వచ్చి పసుపు రంగుకు తిరిగింది. దాని మీద వెనక గుమ్మడికాయంత బొజ్జ ఉన్న పాతకాలం మానిటరు ఉండేది. ఒక మధ్యాహ్నం అది టప్‌మని, కాస్త పొగ వదిలి, కన్ను మూసింది.

బావమరిదిని పిలిచారు. అతను నీటి పంపులు బాగుచేస్తాడు. తిరిగే వస్తువు ఏదైనా సరే తనకు తెలుసంటాడు. కంప్యూటరులో ఫ్యాను తిరుగుతుంది కనుక అదీ తెలుసు. మూసేసిన ఏదో ఆఫీసులోంచి ఒక వెడల్పాటి, పల్చటి మానిటరు తెచ్చి బిగించాడు. "ఎలాగూ విప్పాం కదా బావా" అని లోపల ఉన్నదంతా తుడిచేసి మళ్ళీ కొత్తగా ఎక్కించాడు.

తెర వెలిగింది. ఫొటోగ్రాఫరు తల అటు వంచి ఇటు వంచి చూశాడు.

"అక్షరాలు కాస్త బలిసినట్టు లేవూ?"

"కొత్త తెర కదా బావా. కొత్త చెప్పులు కరవవూ? నాలుగు రోజులు పోతే అదే సర్దుకుంటుంది."

తెర సర్దుకోలేదు. కన్ను సర్దుకుంది.

మర్నాడు పొద్దున్నే బేకరీ యజమాని గుర్తింపు కార్డు ఫొటో కోసం వచ్చాడు. ఆయన్ని బన్ను గారంటారు, కారణం ఆయన బుగ్గలు. ఫొటో తీసి కంప్యూటరులోకి ఎక్కించగానే బన్ను గారి మొహం తెర మీద ఈ చివర నుంచి ఆ చివరిదాకా పరుచుకుంది. ఎంత బన్ను గారైనా ఇంత ఉండరే అనుకున్నాడు ఫొటోగ్రాఫరు. లెన్సులో ఏదో దోషం ఉందనుకుని, మౌసుతో ఫొటో అంచు పట్టుకుని లోపలికి నొక్కాడు. కంటికి కుదిరేదాకా నొక్కాడు. ప్రింటు తీశాడు. తపాలా బిళ్ళంత ఫొటోలు, కాగితానికి ఎనిమిది. మిషనులోంచి అవి బోర్లాపడి వస్తాయి, వెనకవైపు నుంచే గీత చూసి కత్తిరించి కవరులో వేయడం ఆయనకు అలవాటు. వేసి ఇచ్చేశాడు.

గంట తిరక్కుండా బన్ను గారు వెనక్కి వచ్చాడు. ఫొటోగ్రాఫరు డబ్బు తిరిగివ్వడానికి సొరుగు లాగాడు. తీరా చూస్తే బన్ను గారి చేతిలో కేకు పెట్టె ఉంది.

"ఏం మాయ చేశారండీ! మా అమ్మ చూసి, ఇరవై ఏళ్ళప్పుడు అచ్చం ఇలాగే ఉండేవాడివిరా అని కళ్ళనీళ్ళు పెట్టుకుంది."

ఆ మాట బేకరీ గల్లాపెట్టె దగ్గర మొదలై ఊరంతా తిరిగింది. మూడు వారాల్లో అరవై మందికి పైగా కార్డు ఫొటోలకి వచ్చారు. వచ్చినవాళ్ళనల్లా ఆయన తెర మీద చూడటం, కంటికి కుదిరేదాకా నొక్కడం, ప్రింటు తీయడం. అందరూ సన్నగా, పొడుగ్గా, కవరులోంచి బయటపడి మురిసిపోయారు. కవరు తెరిచి ఒక్క ఫొటో అయినా పరకాయించి చూసి ఉంటే ఇంత కథ ఉండేది కాదు. కానీ పొగడ్త చెవిలో పడ్డాక కన్ను సరిగ్గా పనిచేయదు. ఇరవై రెండేళ్ళకు తన చెయ్యి తిరిగిందనుకున్నాడు, పాపం. నడిచేటప్పుడు ఆ ప్రసిద్ధమైన కుడి భుజం కాస్త పైకి లేవడం కూడా మొదలైంది.

బట్టలు కుట్టించుకోవడానికి వచ్చినవాళ్ళు ఆవిడకు తమ ఫొటోలు చూపించేవాళ్ళు. ఆవిడ చూసేది, దారం కొరికి మిషను తొక్కేది. ఒక సాయంత్రం మిషను ఆపి, ఆయన వైపు చూడకుండా అడిగింది.

"నాదీ ఒకటి తీస్తారా?"

ఆయన చేతిలోని కత్తెర కింద పడింది.

ఆవిడ వెళ్ళి ముదురాకుపచ్చ బట్టలు కట్టుకొచ్చింది, స్టూలెక్కింది. ఆయన కెమెరా వెనక నిలబడ్డాడు.

"క... కదలకండి."

"ఇన్నేళ్ళలో నన్ను మీరు అండీ అనడం ఇదే మొదలు" అని ఆవిడ నవ్వింది. ఆ నవ్వు దగ్గరే నొక్కాడు. ఒక్కటే తీశాడు, రెండోది తీసే ధైర్యం చాల్లేదు. కంప్యూటరులోకి ఎక్కించాడు. తెర మీదికి వచ్చింది. చూశాడు. ఎంతసేపు చూశాడో ఆయనకే తెలియదు. బాగుందనిపించింది. పెద్ద కాగితం పెట్టి ప్రింటు నొక్కాడు.

ఆవిడ ఆ కాగితాన్ని కిటికీ దగ్గరికి తీసుకెళ్ళింది.

"ఇది నేనేనా?"

"నువ్వే."

"ఫ్రేము కట్టించండి" అని లోపలికి వెళ్ళిపోయింది.

ఆయన గొడుగు తీసి తలుపు మూలన పెట్టాడు. మేకును చొక్కా అంచుతో తుడిచాడు.

ఫ్రేము కట్టేవాడు నాలుగు రోజులు గడువడిగాడు. ఆ నాలుగు రోజుల్లోనే కొంప మునిగింది.

గుర్తింపు కార్డుల ఆఫీసులో కార్డు చేతికివ్వాలంటే ఒక నియమం ఉంది. కౌంటరులో కూర్చున్న గుమాస్తా అమ్మాయి కార్డు మీది ఫొటోనీ ఎదుట ఉన్న మనిషినీ పోల్చి చూడాలి. ఆ అమ్మాయి నియమం అంటే నియమమే అనే రకం. బన్ను గారు వెళ్ళి నిలబడ్డాడు.

"ఫొటోలో ఉన్నాయన్ని పంపించండి" అంది ఆ అమ్మాయి.

"నేనేనమ్మా."

"మీ తమ్ముడి కార్డు మీకివ్వడం కుదరదండీ."

"అమ్మా, నాకు తమ్ముడే లేడు. ఇదిగో చూడు." బన్ను గారు రెండు బుగ్గలూ పళ్ళకు అంటుకునేదాకా లోపలికి పీల్చాడు. కనుబొమలు పైకి లాగాడు. ఆ అమ్మాయి కార్డు చూసింది, మొహం చూసింది.

"ఆఁ, ఇప్పుడు పోలిక ఉంది. అలాగే ఉండండి." టక్కున ముద్ర వేసింది.

కిటుకు బయటికి పొక్కింది. రెండు రోజుల్లో ఆ ఆఫీసు వరసలో నిలబడ్డవాళ్ళందరూ బుగ్గలు లోపలికి పీల్చుకుని నిలబడటం మొదలుపెట్టారు. నోరు విప్పితే బుగ్గలు వదులైపోతాయని ఎవరూ మాట్లాడటం లేదు. ఆ ఆఫీసు కట్టిన నాటి నుంచి అంత ప్రశాంతంగా ఎప్పుడూ లేదట. ఒకాయనకు కౌంటరు దాకా వచ్చాక దగ్గొచ్చింది, పాపం మళ్ళీ చివరికి వెళ్ళి నిలబడ్డాడు. గుమాస్తా అమ్మాయి పని తెమలడానికి ఒక కాగితం కూడా అంటించింది: "బుగ్గలు లోపలికి పీల్చిన తర్వాతే కౌంటరు వద్దకు రావలెను."

ఆ కాగితం పై అధికారి కంటబడింది. ఆయన విచారించాడు. అప్పటికే ఇచ్చినవి కూడా వెనక్కి తెప్పించి, అరవై మూడు కార్డులున్న సంచీ పట్టుకుని తిన్నగా స్టూడియోకి వచ్చాడు.

"ఏవండీ, మీరు తీసినవాళ్ళంతా ఒకే కుటుంబంలా ఉన్నారు. పొడుగు మొహాల కుటుంబం. ఎల్లుండి లోపు అందరికీ మళ్ళీ సరైన ఫొటోలు ఇవ్వండి. లేకపోతే మీ ఫొటోలు చెల్లవని మా గుమ్మంలో బోర్డు పెట్టేస్తాను."

"నా కన్ను తప్పదండీ" అన్నాడు ఫొటోగ్రాఫరు. అప్పుడు మొదటిసారి కార్డులు చేతిలోకి తీసుకుని ఒక్కొక్కటే చూశాడు. బన్ను గారు గుర్రంలా ఉన్నాడు.

అధికారి గుమ్మం దాకా వెళ్ళి, వెనక్కి వచ్చి, చెవి దగ్గర గొంతు తగ్గించాడు. "సరి చేసే ముందు నాదొకటి ఈ పద్ధతిలోనే తీసి పెడతారా? ఆఫీసు కోసం కాదు, ఇంటికి."

ఆయన వెళ్ళాక కుట్టుమిషను చప్పుడు ఆగింది. ఆవిడ మెడలో టేపుతో లేచి వచ్చింది. వంటగదిలోంచి ఒక గుండ్రటి పళ్ళెం తెచ్చి స్టూలు మీద నిలబెట్టింది.

"దీన్ని తీయండి."

తీశాడు. తెర మీదికి రాగానే ఆవిడ దాని మీద టేపు పెట్టింది. ఎత్తు ఆరంగుళాలు. వెడల్పు ఎనిమిది.

"పళ్ళెం కోడిగుడ్డయింది. ఇప్పుడు మీరేమీ నొక్కకుండా ప్రింటు తీయండి."

కాగితం మీద పళ్ళెం గుండ్రంగా వచ్చింది. ఎటు కొలిచినా ఒకటే.

"లెన్సు మంచిదే. మనుషులూ మంచివాళ్ళే. తెరే అందరినీ మూడో వంతు సాగదీసి చూపిస్తోంది. మీరేమో సాగింది చూసి, బాగానే ఉన్నవాళ్ళని నొక్కేశారు" అంది ఆవిడ. ఆయన తల వంచుకున్నాడు. తిరిగిన చెయ్యి తనది కాదనీ మౌసుదనీ అప్పుడు అర్థమైంది.

సరిగ్గా అదే సమయానికి ఫ్రేము కట్టేవాడు గుమ్మంలోకి వచ్చాడు. నల్లంచు ఫ్రేము, మెరిసే అద్దం, లోపల ఆకుపచ్చ బట్టల్లో ఆవిడ నవ్వు. ఆవిడ రెండు చేతులా అందుకుంది. ఒక నిమిషం చూసింది.

"అయితే ఇదీ పీల్చిన బుగ్గలదే అన్నమాట."

ఆయనకు నొక్కినట్టు గుర్తు లేదు, నొక్కనట్టూ గుర్తు లేదు. అందరినీ నొక్కిన చెయ్యి ఆవిడ దగ్గర మాత్రం ఆగుతుందా అనుకున్నాడు. ఆవిడ ఫ్రేమును వార్తాపత్రికలో చుట్టి, బీరువాలో ముక్కగుడ్డల మూట కింద పెట్టేసింది. కోప్పడలేదు. కోప్పడి ఉంటే ఆయనకు కొంచెం తేలిగ్గా ఉండేది. ఆ సాయంత్రం గొడుగు మళ్ళీ మేకెక్కింది.

మర్నాడు పొద్దున్నే బావమరిది దిగాడు.

"రిజల్యూషను తప్పింది బావా, అంతే" అన్నాడు, పంపులో నీళ్ళు రానప్పుడు వాషరు పోయిందన్నంత తేలిగ్గా. "అంటే తెరలో అడ్డం ఎన్ని చుక్కలు, నిలువు ఎన్ని చుక్కలు అనే లెక్క. ఇప్పుడు వెయ్యిన్నీ ఇరవైనాలుగు అడ్డం, ఏడు వందల అరవైఎనిమిది నిలువు ఉంది. అది పాత డబ్బా మానిటరు లెక్క. దాన్నే ఈ వెడల్పు తెర నిండా లాగి పరుస్తోంది. వేరే లెక్క పెడితే చాలు."

"ఆ సంగతి ఆ రోజే తెలుసా నీకు?"

"నిన్న రాత్రి మా వాళ్ళెవరో చెబితే తెలిసింది."

మొదట తక్కువ లెక్క పెట్టి చూశాడు. తెర మీద అన్నీ రోకలిబండలంత అయ్యాయి. 'సరే' అని నొక్కాల్సిన బటను కింది అంచు దాటి ఎక్కడికో పోయింది. బావమరిది కుర్చీలోంచి దిగి బల్ల కిందికి వంగాడు.

"ఏం వెతుకుతున్నావురా?"

"కిందికి పోయిందిగా బావా, వైరేమన్నా వదులైందేమోనని."

తర్వాత ఎక్కువ లెక్క పెట్టాడు. తెర నల్లగా అయిపోయి, ఇది నా వల్ల కాదని మధ్యలో ఒక చిన్న డబ్బా తేలింది. ముందు నుయ్యి, వెనక గొయ్యి. ఫొటోగ్రాఫరు రెండు చేతులతో తెరను పట్టుకున్నాడు.

"కంగారు పడకు బావా. మనం ఏమీ నొక్కకపోతే పదిహేను సెకన్లకు అదే పాత లెక్కకు వచ్చేస్తుంది. లెక్కపెట్టు."

ఇద్దరూ కలిసి ఎక్కాలు అప్పజెప్పినట్టు గట్టిగా లెక్కపెట్టారు. పదిహేను అనేసరికి తెర మళ్ళీ వెలిగింది, బలిసిన అక్షరాలతో. అలా పదకొండు సార్లు జరిగింది. పన్నెండోసారి పక్కింటివాళ్ళు గోడ అవతల నుంచి వాళ్ళతో పాటు లెక్కపెట్టారు.

"ఉన్న లెక్కల్లో ఒక్కటీ సరిపోవట్లేదు. అసలు లెక్క ఈ వరసలో లేనే లేదు" అని బావమరిది చివరికి చేతులెత్తేశాడు. తర్వాత తల గోక్కున్నాడు. "బావా, ఇది కొన్నప్పుడు ఒక సీడీ ఇచ్చి ఉంటారు. నేను అంతా తుడిచేసి ఎక్కించినప్పుడు అది వేయలేదు. అది వేస్తేగానీ ఈ పెట్టెకి ఏ తెరతో ఎలా మాట్లాడాలో తెలియదు."

"అంటే ఇదంతా నువ్వు చేసిందా!"

"తుడిచినంత వరకే నేను బావా. నొక్కింది నువ్వు."

సీడీ కోసం ఇల్లంతా గాలించారు. బల్ల సొరుగులు, అటకలు, ఫిల్ము డబ్బాలు అన్నీ బోర్లించారు. ఆవిడ మిషను మీద నుంచి తల ఎత్తకుండానే చెప్పింది.

"వెనక వసారాలో వేలాడుతోందిగా. పావురాల కోసం మీరే కట్టారు."

నిజమే. నాలుగేళ్ళుగా ఆ సీడీ ఒక దారానికి వేలాడుతూ, ఎండకు తళుక్కుమంటూ, పావురాల్ని బెదిరిస్తోంది. దాన్ని దించారు. సబ్బుతో కడిగారు. ఆవిడ ఒక మెత్తటి లైనింగు గుడ్డ ముక్క విసిరితే దాంతో తుడిచారు. కంప్యూటరు దాన్ని మింగి, గరగరలాడించి, రెండుసార్లు బయటికి కక్కింది. మూడోసారి పుచ్చుకుంది. అరగంట సేపు ఏదో నమిలింది. ఆగి వెలిగాక లెక్కల వరసలో ఇంతకుముందు లేనిది ఒకటి కనిపించింది: వెయ్యిన్నీ మూడు వందల అరవైఆరు అడ్డం, ఏడు వందల అరవైఎనిమిది నిలువు.

బావమరిది దాన్ని నొక్కాడు. తెర నల్లబడింది. అలవాటుగా లెక్క మొదలైంది, పక్కింటి నుంచి కూడా. నాలుగు దగ్గరే తెర వెలిగింది. అక్షరాలు సన్నగా, చక్కగా నిలబడి ఉన్నాయి. ఇలాగే ఉంచమంటారా అని మధ్యలో ఒక ప్రశ్న. ఫొటోగ్రాఫరు ఆ అందం చూస్తూ నోరు తెరుచుకుని ఉండిపోయాడు. బావమరిది లెక్కపెట్టడంలో మునిగిపోయాడు. పన్నెండు, పదమూడు... వెనక నుంచి ఒక చెయ్యి వచ్చి మౌసుతో 'అవును' నొక్కింది. ఆ చేతి వేలికి కుట్టుపని తొడుగుంది.

"ఇద్దరూ కలిసి పదిహేను దాకా లెక్కపెట్టడమేనా, ఎవరన్నా నొక్కేదుందా?" అంది ఆవిడ.

పళ్ళెం ఫొటో తెరిచారు. ఎత్తు ఆరు, వెడల్పు ఆరు. వసారాలో అప్పటికే రెండు పావురాలు వాలాయి.

ఆ రోజూ మర్నాడూ అరవై మూడు మందికీ పాత ఫైళ్ళే తెరిచి, నొక్కకుండా ప్రింటు కొట్టి ఇచ్చాడు. ఎవరూ కేకులు తేలేదు. బన్ను గారు కవరు తెరిచి ఫొటో అటూ ఇటూ తిప్పి చూశాడు. "ఇంత దూరం వచ్చి మళ్ళీ నా మొహమేనా" అని నిట్టూర్చి వెళ్ళాడు. ఆఫీసులో గుమాస్తా అమ్మాయి కాగితం చింపేసింది. వరసలో మళ్ళీ గోల మొదలైంది.

రెండో రోజు సాయంత్రం ఆఖరి కవరు వెళ్ళిపోయాక, ఆవిడ బీరువా తెరిచి ముక్కగుడ్డల మూట పక్కకు తీసింది.

"నాదీ మళ్ళీ ప్రింటు తీయండి. అందరిదీ ఉన్నది ఉన్నట్టు ఇచ్చారుగా. నాదీ ఇవ్వండి."

"ఇప్పుడెందుకులే" అన్నాడు ఆయన. ఆయనకు భయమేసింది. ఇరవై రెండేళ్ళ తర్వాత ఒక్కసారి నవ్వుతూ కూర్చుంది. ఇప్పుడు ఈ కాగితం చూస్తే మళ్ళీ ఈ జన్మలో కూర్చోదు.

"తీయండి" అంది ఆవిడ.

ఫైలు తెరిచాడు. నొక్కినదాన్ని మళ్ళీ విప్పుదామని చూస్తే, నొక్కిన గుర్తే లేదు. సరే, ఉన్నది ఉన్నట్టే ప్రింటు కొట్టాడు. ఆవిడ కాగితం అందుకుని కుట్టుమిషను మీద పరిచింది. పక్కన ఫ్రేమును వార్తాపత్రికలోంచి తీసి పెట్టింది. మెడలోంచి టేపు తీసింది. ఈ చెవి నుంచి ఆ చెవికి కొలిచింది. నుదుటి నుంచి గడ్డానికి కొలిచింది. రెండు ఫొటోల్లోనూ ఒకటే అంకె. మళ్ళీ కొలిచింది. మూడోసారి కొలిచింది. నోటుపుస్తకం తెరిచి రాసుకుని మరీ చూసింది.

"రెండూ ఒకటే" అంది నెమ్మదిగా. "నూలుపోగంత తేడా కూడా లేదు. అంటే ఇందులో ఉన్నది నేనే."

"నేను ఆ రోజే చెప్పానుగా, నువ్వేనని."

ఆవిడ మొహం వెలిగింది. ఇన్నాళ్ళూ ఏ కెమెరాకు జడిసిందో ఆ కెమెరా తన గురించి చెప్పిన నిజం ఇదన్నమాట. ఆ వెలుగు చూసి ఆయన మేకు మీది గొడుగు వైపు చెయ్యి చాచాడు.

"ఆగండి" అంది ఆవిడ.

వెలుగు అలాగే ఉంది, కళ్ళు మాత్రం చిన్నవయ్యాయి. కొలతల మనిషి, లెక్క మధ్యలో వదలదు.

"ఆ రోజు తెర అందర్నీ మూడో వంతు ఎక్కువ వెడల్పు చేసి చూపించింది. అవునా?"

"అవును."

"బన్ను గారు లావుగా కనిపిస్తే, ఇంత ఉండరే అని నొక్కారు. ఆ తర్వాత వచ్చినవాళ్ళందర్నీ నొక్కారు. బక్కపల్చటివాళ్ళని కూడా నొక్కారు."

"నొక్కాను."

"నేనూ ఆ తెర మీద మూడో వంతు ఎక్కువే కనిపించాను. నన్ను నొక్కలేదు. అంటే..." ఆవిడ టేపును రెండు చేతుల మధ్యా బిగించి పట్టుకుంది. "మీ దృష్టిలో నేను అంత ఉంటానన్నమాట!"

ఆ సాయంత్రం కూడా వచ్చి కూర్చున్న బావమరిది లేచాడు. "అక్కా, ఎక్కడో పంపు ఆగిపోయిందట" అని చెప్పులు కూడా సరిగ్గా తొడుక్కోకుండా వెళ్ళిపోయాడు.

అవునంటే ఒక తంటా, కాదంటే ఇంకో తంటా. చివరికి ఆయన నిజమే చెప్పాడు, అబద్ధం ఏదీ తట్టలేదు కనుక.

"వాళ్ళందరినీ చూసినప్పుడు ఫొటో కుదిరిందా లేదా అని చూశాను. నిన్ను చూసినప్పుడు అది చూడటం మరిచిపోయాను. ఇన్నాళ్ళకి కూర్చున్నావు. నవ్వావు. అంతే చూశాను. నువ్వు ఈ గోడంత వెడల్పు వచ్చినా నాకు తెలిసేది కాదు."

ఆవిడ చేతిలో టేపు వదులైంది. వసారాలో పావురాలు గొంతు సవరించుకుంటున్నాయి.

"ముందు వెళ్ళి కళ్ళు చూపించుకోండి" అంది చివరికి. గొంతు మాత్రం ఆ మాటకు సరిపోయేలా లేదు.

లేచి గొడుగు తీసి ఆయన చేతికిచ్చింది. మేకు దగ్గర నిలబడి నేల నుంచి పైకి కొలిచింది. రెండు గోడల నుంచీ కొలిచింది. పెదవి విరిచింది.

"కంటితో కొట్టిన మేకు కదా. రెండంగుళాలు ఎడమకుంది. ఊడబీకండి."

ఇరవై రెండేళ్ళ మేకు ఊడి వచ్చింది. ఆయన ఫ్రేమును రెండు చేతులా గోడకు ఆనించి పట్టుకున్నాడు. ఆవిడ నోట్లో మేకు పెట్టుకుని, ఒక చేత్తో సుత్తి, ఇంకో చేత్తో టేపు పట్టుకుని దగ్గరికి వచ్చింది. ఆయన కుడి భుజం అడ్డం వస్తోంది. ఆవిడ దాన్ని మోచేత్తో పక్కకు నెట్టింది.

"కదలకండి" అంది.

ఆయన కదల్లేదు.